కోతిని తలచుకొనకుండ మందు త్రాగుట

ఒక వైద్యుడు రోగికి మందు పొట్లము ఇచ్చి, "ఇది చాల గొప్ప మందు. తేనెతో కలిపి మూడు పూటలు పుచ్చుకో. ఒక్కటే పథ్యము. మందు త్రాగునప్పుడు కోతిని మాత్రము తలచుకొనరాదు" అని చెప్పినాడట. రోగి ఇంటికి పోయి గిన్నె పెదవుల కడకు ఎత్తినంతలో కోతి కన్నులకు కట్టినది. గిన్నె దించినాడు. మరల ఎత్తినాడు. మరల కోతియే! ఏడాదికి ఒక్కసారియైనను కోతిని తలచి ఎరుగని మనిషికి ఆనాటి నుండి కోతి తప్ప వేరు ధ్యాస లేకపోయినది.

మన పల్లెలలో ఈ కథ వినని పిల్లలు అరుదు. విని అందరమును నవ్వుకొందుము. కాని రాత్రి రెండు గంటల వేళ మంచముపై అటు ఇటు దొర్లుచున్న మనిషికి ఇది నవ్వులాట కాదు. పగలు ఎవరో అన్న మాట, వచ్చే నెలలో కట్టవలసిన అప్పు, కుమారుని పరీక్ష, కుమార్తె పెండ్లి, వీనిలో ఏదో ఒకటి మనస్సున చేరి గానుగ యెద్దువలె తిరుగుచుండును. ఎంత తిరిగినను దారి ఒక్క అడుగు ముందుకు సాగదు. తెల్లవారిన తరువాత ఇంటివారితో చెప్పుకొన్నచో వచ్చు సలహా ఒక్కటే: "ఊరక ఆలోచించకు." ఆ మాట చెప్పుట సులభము. అది చేతకాక, "నా మనస్సు బలహీనమైనది కాబోలు" అని కుమిలిపోవువారు ఎందరో కలరు. ఒక చింత పోవుటకు మారుగా రెండవ చింత వచ్చి చేరును.

ఆ సలహా మంచిదేనా? ఆలోచనను బలవంతముగా వెళ్లగొట్టుట మనిషికి సాధ్యమేనా? ఈ ప్రశ్న కొత్తది కాదు. రెండు వేల సంవత్సరములకు పైబడిన దీని చరిత్రను తెలిసికొనుట మనకు ఎంతయో ఉపయోగకరము.

బుద్ధుడు చెప్పిన ఐదు ఉపాయములు

పాలి భాషలోని బౌద్ధ గ్రంథములలో మజ్ఝిమ నికాయము ఒకటి. అందులో 20వ సుత్తము పేరు వితక్కసంఠాన సుత్తము. శ్రావస్తి నగరము చెంతనున్న జేతవనములో బుద్ధుడు భిక్షువులకు దీనిని ఉపదేశించినట్లు అందు చెప్పబడినది. ధ్యానమునకు కూర్చున్న భిక్షువునకు అక్కరలేని తలపులు వచ్చి బాధించినచో ఏమి చేయవలెనను ప్రశ్నకు ఇది సమాధానము. ఐదు ఉపాయములు, ఒక్కొక్క దానికి ఒక్కొక్క ఉపమానము.

మొదటిది, ఆ తలపునకు బదులు మరియొక మంచి తలపును నిలుపుట. వడ్రంగి పెద్ద చీలను సన్నని చీలతో కొట్టి వెలుపలికి తీయును గదా, అట్లు. రెండవది, ఆ తలపువలన కలుగు కీడును విచారించుట. చక్కగా అలంకరించుకొన్న యువకుని మెడలో చచ్చిన పామును వేసినచో ఎంత అసహ్యించుకొనునో అట్లు దానిని చూడవలెనట. మూడవది, దానిని పట్టించుకొనకుండుట. కన్నులున్నవాడు చూడ ఇష్టము లేని వస్తువు నుండి చూపు మరల్చుకొనునట్లు. నాల్గవది, ఆ తలపుల వేగమును మెల్లగా తగ్గించుట. వడివడిగా నడచువాడు, "నేనేల ఇంత వేగముగా నడచుచున్నాను?" అని మెల్లగా నడచును. పిమ్మట నిలుచును, కూర్చుండును, చివరకు పండుకొనును. ఈ నాలుగును పనిచేయనప్పుడే ఐదవది. పండ్లు బిగబట్టి, నాలుకను అంగిటికి అదిమి, బలవంతుడు బలహీనుని పట్టి అణచినట్లు మనస్సును మనస్సుతోనే అణచుట.

ఈ వరుసను పాఠకులు శ్రద్ధగా గమనింపవలెను. ఇంటివారు మొట్టమొదట చెప్పు సలహా, అనగా బలవంతముగా అణచుట, ఇందులో కట్టకడపటిది. పతంజలి యోగసూత్రములలో కూడ ఇట్టి తలపులు బాధించునపుడు వానికి ప్రతిపక్షమైన భావనను నిలుపవలెనని చెప్పబడినది. ఇది మొదటి ఉపాయమునకు దగ్గరి చుట్టము.

బానిసగా పుట్టిన తత్త్వవేత్త

క్రీస్తు శకము మొదటి శతాబ్దమున రోము సామ్రాజ్యములో ఎపిక్టెటస్ అను తత్త్వవేత్త ఉండెను. అతడు పుట్టుకచేత బానిస. అతని బోధలను అరియన్ అను శిష్యుడు గ్రంథస్థము చేసినాడు. మనలను కలత పెట్టునవి సంఘటనలు కావనియు, వానిని గూర్చి మనము ఏర్పరచుకొన్న అభిప్రాయములే అనియు అతని బోధ సారము. మన చేతిలో ఉన్నదేది, లేనిదేది అని వేరుచేసికొనుమని అతడు పదేపదే చెప్పినాడు.

పందొమ్మిది వందల ఏండ్లకు ఆ బీజము మొలకెత్తినది. అమెరికాలో 1950వ దశకమున ఆల్బర్ట్ ఎల్లిస్, 1960వ దశకమున ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అను మానసిక వైద్యుడు ఈ మార్గమున కొత్త చికిత్సలను రూపొందించినారు. కుంగిపోయిన రోగుల మనస్సులో రెప్పపాటున దూరిపోవు తలపులు కొన్ని కలవనియు, రోగి వానిని విచారణ లేకయే నిజమని నమ్మి బాధపడుననియు బెక్ గమనించినాడు. ఆ తలపును కాగితముపై వ్రాసి, "దీనికి సాక్ష్యమేమి? దీనికి విరుద్ధమైన సాక్ష్యమేమి?" అని న్యాయస్థానములో వలె విచారింపవలెనని రోగులకు నేర్పినాడు. అనగా తలపును తరిమివేయుట కాదు, దానిని బోనులో నిలబెట్టి ప్రశ్నించుట. బెక్ నూరేండ్లు జీవించి 2021లో మరణించినాడు.

ఉన్నది ఉన్నట్లు

జపాను దేశమున షోమా మోరిటా (1874–1938) అను వైద్యుడు 1919 ప్రాంతమున మరియొక మార్గమును త్రొక్కినాడు. గుండె ఆగిపోవునేమో, నలుగురిలో సిగ్గుపడుదునేమో అను భయములతో ఎల్లవేళల తమ్ము తాము పరీక్షించుకొనుచుండు రోగులు అతని యొద్దకు వచ్చెడివారు. ఎంత పరీక్షించుకొన్నచో అంత భయము, ఎంత భయపడినచో అంత పరీక్ష. ఈ విషవలయమే రోగమునకు మూలమని అతడు గ్రహించినాడు.

అతని చికిత్సలో మొదటి ఘట్టము చిత్రమైనది. సుమారు ఒక వారము రోగి ఒంటరిగా పండుకొని ఉండవలెను. పుస్తకము లేదు, మాట లేదు, పని లేదు. చింత వచ్చినచో రానిమ్మనుటయే. పిమ్మట తేలికపని, ఆ పిమ్మట కష్టమైన పని, చివరకు లోకవ్యవహారము. భయమును ఉన్నది ఉన్నట్లుగా ఉండనిచ్చి, చేయవలసిన పనిని చేయుటయే అతని చికిత్సకు ప్రాణము. భయము పోయిన తరువాత పని చేయుదమని కూర్చున్నవాడు ఎన్నటికిని లేవడు.

ఇంచుమించు అదే కాలమున అమెరికాలోని చికాగోలో ఎడ్మండ్ జేకబ్‌సన్ అను వైద్యుడు శరీరము వైపు నుండి ఈ సమస్యను చేపట్టినాడు. చేయి వంచినట్లు ఊహించుకొన్నంత మాత్రముననే చేతి కండరములో అతి స్వల్పమైన విద్యుత్తు పుట్టుచున్నదని అతడు సున్నితమైన యంత్రములతో కొలిచి చూపినాడు. తలపునకు, కండరమునకు ఇంత పొత్తు ఉన్నప్పుడు కండరమును సడలించినచో తలపు వేగము కూడ తగ్గవలెను గదా! పిడికిలి బిగించి, ఆ బిగువు ఎట్లుండునో గుర్తించి, వదలివేయుట. అట్లే భుజములు, నుదురు, దవడలు, కాళ్లు. 1929లో అతడు ప్రకటించిన గ్రంథము ఈ పద్ధతికి మూలము. బుద్ధుని ఉపమానములోని వడివడిగా నడచువాడు మెల్లగా పండుకొనుట ఇక్కడ జ్ఞాపకము రాక మానదు.

"ఆపు!" అను కేక

అయినను బలప్రయోగముపై మనిషికి నమ్మకము పోలేదు. దక్షిణాఫ్రికాకు చెందిన జోసెఫ్ వోల్పే అను వైద్యుడు 1958లో ప్రకటించిన గ్రంథములో తలపును ఆపు పద్ధతి యొకటి వర్ణించినాడు. రోగి కన్నులు మూసికొని బాధించు తలపును తెచ్చుకొనును. వైద్యుడు హఠాత్తుగా "ఆపు!" అని కేక వేయును. ఆ అదటుకు తలపు తెగును. క్రమముగా రోగియే తన లోపల తాను ఆ కేక వేసికొనుట నేర్చుకొనవలెను. చాల ఏండ్లు ఈ పద్ధతి ప్రచారములో ఉండినది. తలపు తెగిన మాట నిజమే, కాని తిరిగి వచ్చినప్పుడు ఏమగును?

దీనికి సమాధానము రష్యను రచయిత దొస్తొయెవ్‌స్కీ వ్రాసిన ఒక వాక్యము నుండి వచ్చినది. 1863లో ఐరోపా యాత్రను గూర్చి వ్రాయుచు, ధ్రువప్రాంతపు తెల్ల ఎలుగుబంటిని తలచుకొనకుండ ఉండుటకు ప్రయత్నించి చూడుడని, క్షణక్షణము అదియే జ్ఞాపకము వచ్చునని అతడు పేర్కొన్నాడు. మన కోతికి రష్యాలో ఎలుగుబంటి తోబుట్టువైనది. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున డేనియల్ వెగ్నర్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఈ మాటను ప్రయోగశాలకు ఎక్కించినాడు. ఆ ఫలితములు 1987లో వెలువడినవి.

ప్రయోగము చాల తేలికైనది. విద్యార్థి ఒక్కడే గదిలో కూర్చుండి మనస్సున వచ్చినదెల్ల పైకి చెప్పవలెను. అయిదు నిమిషములు తెల్ల ఎలుగుబంటిని తలచుకొనరాదు. ఒకవేళ వచ్చినచో గంట మ్రోగించవలెను. ఎంత ప్రయత్నించినను నిమిషమునకు ఒకసారికి మించి ఎలుగుబంటి వచ్చుచునే ఉన్నది. అసలు వింత దీని తరువాత ఉన్నది. పిమ్మటి అయిదు నిమిషములు, "ఇక ఎలుగుబంటిని తలచుకొనుడు" అని అనుమతి ఇచ్చినారు. మొదట అణచుకొన్నవారికి, మొదటి నుండి అనుమతి పొందినవారి కంటె, ఎలుగుబంటి ఎక్కువసార్లు వచ్చినది. అణచిన తలపు అణగిపోలేదు, స్ప్రింగు వలె ఎగసినది.

ఇట్లేల జరుగును? వెగ్నర్ 1994లో దీనికి కారణము వివరించినాడు. ఒక తలపు రాకుండ చూడవలెనన్నచో మనస్సులో ఒక భాగము కావలివాని వలె, "వచ్చినదా? వచ్చినదా?" అని వెదకుచుండవలెను. వెదకుటయే తలచుట. అలసిపోయినప్పుడు, బరువు ఎక్కువైనప్పుడు ఇతర ప్రయత్నము సడలును గాని ఈ కావలివాడు నిద్రపోడు. రాత్రివేళ చింత పెరుగుటలోని రహస్యము కొంత ఇందులో కలదు. రోగి కోతిని మరువలేకపోయినది మనస్సు బలహీనమగుటచేత కాదు. ఆరోగ్యవంతమైన మనస్సు నిర్మాణమే అట్టిది.

వెగ్నర్ బృందము మరియొక ప్రయోగము కూడ చేసినది. ఎలుగుబంటి వచ్చినప్పుడు దానికి బదులు ఎర్రని వోక్స్‌వాగన్ కారును తలచుకొనుమని కొందరికి చెప్పినారు. ఒక్క వస్తువును ముందుగానే నిర్ణయించుకొన్నవారిలో ఆ తరువాతి ఎగదన్నుట తగ్గినది. జేతవనపు వడ్రంగి సన్నని చీలయే టెక్సాసులో ఎర్రకారు రూపమున వచ్చినదనవచ్చును.

ఆలోచించుట, నెమరువేయుట

అట్లయిన తలపును స్వేచ్ఛగా తిరుగనిచ్చిన చాలునా? చాలదు. దీనికి ఆధారము ఒక భూకంపము వలన దొరికినది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున సూసన్ నోలెన్-హోక్సెమా అను మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు కొందరు విద్యార్థులను ప్రశ్నించి, దిగులు కలిగినప్పుడు వారు ఏమి చేయుదురో వ్రాసిపెట్టుకొన్నది. సరిగా 14 దినములకు, 1989 అక్టోబరు 17న, ఆ ప్రాంతమున పెద్ద భూకంపము వచ్చినది. ఆమె అదే విద్యార్థులను 10 దినములకు ఒకసారి, 7 వారములకు మరియొకసారి మరల పరీక్షించినది. దిగులు కలిగినప్పుడు "నాకేల ఇట్లయినది? నేనేల ఇట్లున్నాను?" అని తమలో తాము త్రవ్వుకొను అలవాటు ముందు నుండి ఉన్నవారిలోనే కుంగుబాటు ఎక్కువగా కనిపించినది. అంతకు ముందే ఉన్న దిగులును లెక్కలోనికి తీసికొన్నను ఈ భేదము నిలచినది.

ఈ అలవాటునకు ఆంగ్లములో వాడు మాట పశువులు నెమరువేయుటను సూచించునదే. మన భాషలోను ఆ పోలిక సహజముగానే ఇమిడిపోవును. అయితే ఆవు నెమరువేసినచో మేత జీర్ణమగును. మనిషి నెమరువేసిన బాధ జీర్ణము కాదు, మరింత పచ్చిగా తిరిగి వచ్చును. ఆలోచన ఒక నిర్ణయము వద్దనో, ఒక పని వద్దనో ఆగును. నెమరునకు ఆగుచోటు లేదు. చితికి, చింతకు నడుమ సున్న ఒక్కటే భేదమని మన పెద్దలు చెప్పుట ఇట్టి చింతను గూర్చియే.

చింతకు ఒక వేళ, ఒక చోటు

తరుముట పనికిరాదు, తిరుగనిచ్చుట పనికిరాదు. మధ్యమార్గము ఏది? అది నిద్రలేమిని గూర్చిన పరిశోధనల నుండి వచ్చినది. 1972లో రిచర్డ్ బూట్‌జిన్ అను శాస్త్రజ్ఞుడు ఒక సూక్ష్మమును గ్రహించినాడు. ప్రతి రాత్రి మంచముపై చింతించువానికి కొన్నాళ్లకు మంచమే చింతను పిలుచు గంట యగును. కావున నిద్ర వచ్చినప్పుడే మంచమెక్కవలెను. నిద్ర పట్టనిచో లేచి వేరొక గదిలోనికి పోవలెను. నిద్ర ముంచుకొని వచ్చినప్పుడు మరల రావలెను. ఉదయము ఒకే వేళకు లేవవలెను. మంచమునకు, చింతకు ఉన్న లంకె క్రమముగా తెగును.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయమున థామస్ బోర్కోవెక్, అతని సహచరులు ఈ సూత్రమునే చింతకు అన్వయించి 1983లో ప్రకటించినారు. దినమునకు అరగంట కాలమును చింతకు కేటాయింపవలెను. మన పాత లెక్కలో ఘడియకు 24 నిమిషములు గనుక ఇది ఘడియకు కొంచెము ఎక్కువ. ప్రతిదినము అదే వేళ, అదే చోటు. మిగిలిన సమయములో చింత వచ్చినచో గుర్తించి, "దీనికి సాయంకాలము వేళ ఉన్నది" అని వాయిదా వేసి చేతిలోని పని చూచుకొనవలెను. ఆ వేళ రాగానే కూర్చుండి మనసారా చింతింపవలెను, పరిష్కారము తోచినచో వెదకవలెను. ఏ పద్ధతియు పాటింపని వారితో పోల్చి చూడగా, ఇట్లు చేసినవారిలో దినమున చింతతో గడచు కాలము తగ్గినది.

ఇందులోని నేర్పు గమనింపదగినది. ఎలుగుబంటిని రావద్దన్నచో వచ్చును. "తరువాత రమ్ము" అన్నచో కావలివానికి వెదకు పని తగ్గును. సాయంకాలము కూర్చున్నప్పుడు పొద్దుటి చింతలలో కొన్ని జ్ఞాపకమే రావు. మిగిలినవి వెలుతురులో చూచినచో అంత భయంకరముగా ఉండవు.

కాగితము చేయు మేలు

1927లో బెర్లిను నగరమున బ్లూమా జైగార్నిక్ అను యువతి కొందరిచేత చిన్నచిన్న పనులు చేయించి, సగము పనులను నడుమ ఆపివేయించినది. పూర్తియైన పనుల కంటె ఆగిపోయినవి సుమారు రెట్టింపుగా వారికి జ్ఞాపకమున్నట్లు ఆమె ప్రకటించినది. తరువాతి వారి పరీక్షలలో ఈ జ్ఞాపకశక్తి భేదము ప్రతిచోట రుజువు కాలేదు. కాని విడిచిన పని మనస్సును లాగుచుండుననుట మనకందరకు అనుభవమే.

ఆ లాగుటను తగ్గించుటకు పనిని పూర్తి చేయనక్కరలేదని 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అను అమెరికను శాస్త్రజ్ఞులు చూపినారు. ఆ పనిని ఎప్పుడు, ఎట్లు చేయుదుమో స్పష్టముగా నిర్ణయించుకొన్నవారికి చదువు నడుమ ఆ తలపులు అడ్డు రాలేదు. 2018లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయమున మైకేల్ స్కల్లిన్ బృందము 57 మంది యువతీయువకులను ప్రయోగశాలలో నిద్రింపజేసినది. పండుకొనుటకు ముందు 5 నిమిషములు కొందరు చేయవలసిన పనులను, కొందరు చేసిన పనులను వ్రాసినారు. చేయవలసినవి వ్రాసినవారికి సుమారు 9 నిమిషములు ముందుగా నిద్ర పట్టినది. ఇది చిన్న ప్రయోగమే. అయినను కాగితము, పెన్సిలు మాత్రమే ఖర్చైన మందు ఇది.

మనము చేయదగినవి

ఈ చరిత్ర నుండి సామాన్యులు తీసికొనదగినవి ఇవి. తలపు వచ్చినప్పుడు దానితో పెనుగులాడక, "ఇది చింత" అని గుర్తింపవలెను. దానిలో చేయదగిన పని ఉన్నచో ఎప్పుడు, ఎట్లు చేయుదుమో కాగితముపై వ్రాసికొనవలెను. చేయదగినది లేనిచో సాయంకాలపు అరగంటకు వాయిదా వేయవలెను. ఆ అరగంటను మంచముపై గాని, నిద్రకు ముందు గాని పెట్టుకొనరాదు. "నాకేల ఇట్లయినది?" అను ప్రశ్నను "ఇప్పుడు నేను చేయగల చిన్న పని యేది?" అని మార్చుకొనవలెను. పిడికిళ్లు, దవడలు, భుజములు బిగిసి ఉన్నవేమో చూచుకొని సడలింపవలెను. ఒకనాటితో ఫలితము రాదు. ఈతవలె, సైకిలువలె కొన్ని వారములు అభ్యసింపవలెను.

ఒక హెచ్చరిక. అప్పు, ఆకలి, ఇంటిలో హింస వంటి నిజమైన కష్టములకు ఈ ఉపాయములు పరిష్కారములు కావు. కష్టమును ఎదుర్కొనుటకు మనస్సును కొంత తేలిక చేయును, అంతే. వారముల తరబడి నిద్ర, ఆకలి చెడినను, ఒకే తలపు లేక ఒకే పని మానలేక జీవనము కుంటుపడినను, చనిపోవలెనను తలపు కలిగినను ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను. భారత ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 అను నంబరున ఫోను చేయవచ్చును. ఖర్చు లేదు. తెలుగులోను మాటలాడవచ్చును. జ్వరమునకు వైద్యుని యొద్దకు పోవుటలో సిగ్గులేనట్లే ఇందులోను లేదు.

తిరిగి మన వైద్యుని కథకు వత్తము. అతడు, "మందు త్రాగునప్పుడు కోతి జ్ఞాపకము వచ్చునేమో, రానీ. ఒక మూల కూర్చుండనిచ్చి నీవు మందు త్రాగు" అని చెప్పియుండినచో రోగి ఆ పూటకే గిన్నె ఖాళీ చేసియుండును. మన ఇంటిలో ఎవరైన నిద్రపట్టక కూర్చున్నప్పుడు "ఊరక ఆలోచించకు" అనుటకు మారుగా, "ఏమున్నదో చెప్పు, వ్రాసిపెట్టుకొందము, రేపు సాయంకాలము ఇద్దరము కూర్చుండి చూతము" అనగలిగినచో ఈ చరిత్రను చదివినందుకు ఫలితము దక్కినట్లే.